మొక్కజొన్న ధర కళ్ళంలోనే తేలుతుంది: కొరాపుట్, నవరంగపూర్ సన్నకారు రైతుల కోసం

సాలూరు నుంచి ఘాటు ఎక్కి సుంకి, పొట్టంగి, కొరాపుట్, జయపురం మీదుగా నవరంగపూర్ చేరే 26వ నంబరు జాతీయ రహదారి మీద అక్టోబరులో ప్రయాణించినవారికి రోడ్డు అంచు పొడవునా ఆరబోసిన మొక్కజొన్న గింజలు కనిపిస్తాయి. నవరంగపూర్ జిల్లాలోని ఉమర్‌కోట్, రాయ్‌ఘర్, ఝరిగాం బ్లాకులు ఒడిశాలో ఈ పంటకు పేరుబడ్డవి. కొరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా పల్లంలో వరి, గరువులో మొక్కజొన్న వేసుకోవడం చాలాచోట్ల అలవాటు. ఇంట్లో మనం మొక్కజొన్న అన్నా, సంతకు వెళ్ళాక అందరిలాగే ‘మకా’ అనవలసిందే.

ఒకటి రెండెకరాల రైతులు కలిసినప్పుడు ఏ కంపెనీ విత్తనం వేశావు, ఎన్ని బస్తాల యూరియా చల్లావు అన్న ప్రశ్నలే వినిపిస్తాయి. కండె విరిచిన రోజు నుంచి గింజ కాటా ఎక్కే రోజు వరకు గడిచే రెండు మూడు వారాల గురించి అడిగేవారు తక్కువ. చేనులో నాలుగు నెలలు కష్టపడి సంపాదించిన దానిలో గణనీయమైన భాగం ఆ కొద్ది రోజుల్లోనే చేజారుతుంది కనుక, ఈ వ్యాసంలో సాగు సంగతులను అవసరమైనంత మేరకు చెప్పి, ఆరబెట్టడం, తేమ లెక్క, తూకం, అమ్మకం అనే విషయాలను విపులంగా వివరిస్తాను.

నేల, విత్తు

మొక్కజొన్న నీటిని కోరుతుంది గాని నిలిచిన నీటిని భరించలేదు. మొలక దశలో రెండు రోజులు మడిలో నీరు నిలిస్తే మొక్క పసుపు బారి గిడసబారుతుంది. అందువల్ల వాలుకు అడ్డంగా బోదెలు తోలి, బోదె పక్కన విత్తడం, చివర మురుగు పోయే కాలువ తీయడం తప్పనిసరి. మన ఎర్ర గరువు నేలల్లో చాలావాటికి పులుపు స్వభావం ఉంది. అటువంటి నేలలో వేసిన భాస్వరం మొక్కకు సరిగా అందదు. వేసవిలోనే మట్టి పరీక్ష చేయించి, పులుపును కొలిచే అంకె అయిన పీహెచ్ 5.5 కంటే తక్కువ అని తేలితే, పరీక్ష కేంద్రం చెప్పిన మోతాదులో వ్యవసాయ సున్నాన్ని గాని, కాగితపు మిల్లు నుంచి వచ్చే సున్నపు మడ్డిని గాని విత్తే ముందు చాళ్ళలో కలపాలి. ఒక బస్తా డీఏపీ ఎరువు అదనంగా కొనడం కన్నా ఈ ఖర్చు మేలు.

జూన్ మధ్య నుంచి జులై మొదటి వారం వరకు, నేల జానెడు లోతు తడిసిన తరువాతే విత్తాలి. తొలకరి జల్లు చూసి తొందరపడినవారు రెండోసారి విత్తనం కొనుక్కోవలసి వస్తుంది. సాలుకూ సాలుకూ మధ్య 60 సెంటీమీటర్లు, మొక్కకూ మొక్కకూ మధ్య 20 సెంటీమీటర్లు ఉంచితే ఎకరానికి సుమారు 33 వేల మొక్కలు నిలుస్తాయి. ఇందుకు 8 కిలోల విత్తనం సరిపోతుంది. నాగలి వెనుక చేతికి వచ్చినట్టు జారవిడిచే పద్ధతిలో ఒకచోట నాలుగు మొక్కలు, మరొకచోట ఖాళీ ఏర్పడి పొత్తులు చిన్నవవుతాయి. 20 సెంటీమీటర్లకొక ముడి వేసిన తాడు ఒకటి ఇంట్లో ఉంటే ఈ చిక్కు తీరుతుంది.

సంకర (హైబ్రిడ్) విత్తనం కొన్నప్పుడు బిల్లును, సంచికి కుట్టిన చీటీని, గుప్పెడు విత్తనాన్ని పంట చేతికి వచ్చే వరకు దాచాలి. మొలక రాకపోయినా, పొత్తు గింజ కట్టకపోయినా ఫిర్యాదుకు ఆధారాలు అవే. సంకర పంటలోని గింజను మరుసటి ఏడు విత్తనంగా వాడకూడదు. రెండో తరంలో మొక్కలు ఒక తీరున ఉండవు, దిగుబడి పడిపోతుంది. ఆగస్టులో కాల్చుకు తినడానికి పెరట్లో వేసుకునే నాటు రకాలకు ఈ నియమం వర్తించదు. అయితే పక్క చేలోని సంకర రకం పుప్పొడి తగలకుండా వాటిని కాస్త దూరంగానో, ముందుగానో వేసుకోవాలి.

ఎరువు, కలుపు, కత్తెర పురుగు

వానకాలపు పంటకు ఎకరానికి 72 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 20 కిలోల పొటాష్ అని పుస్తకాల్లో రాస్తారు. దుకాణంలో మనకు దొరికేవి బస్తాలే కనుక ఆ లెక్కను బస్తాల్లోకి మార్చుకుందాం. 50 కిలోల డీఏపీ బస్తాలో 9 కిలోల నత్రజని, 23 కిలోల భాస్వరం ఉంటాయి. 45 కిలోల యూరియా బస్తాలో దాదాపు 21 కిలోల నత్రజని ఉంటుంది. అంటే ఒక డీఏపీ, మూడు యూరియా, 33 కిలోల మ్యూరేట్ ఆఫ్ పొటాష్ కలిస్తే పై మోతాదు ఇంచుమించు పూర్తవుతుంది. డీఏపీ, పొటాష్ మొత్తాన్ని, ముప్పావు బస్తా యూరియాను విత్తేటప్పుడు వేయాలి. మిగిలిన యూరియాను రెండు సమభాగాలు చేసి, మోకాలి ఎత్తు దశలో 30–35 రోజులకు ఒకటి, జల్లు (మొక్క కొసన వచ్చే మగపూత) కనిపించే 50–55 రోజులకు మరొకటి, నేలలో తడి ఉన్నప్పుడు మొక్క మొదట్లో వేసి మట్టి ఎగదోయాలి. కొండవాలు నేలలో యూరియా అంతటినీ ఒకేసారి చల్లితే జోరువానకు సగం వాగులో కలుస్తుంది.

కలుపు నివారణకు, విత్తిన రెండు రోజుల్లోగా తేలిక నేలలో ఎకరానికి 800 గ్రాముల అట్రజిన్ 50 శాతం పొడిమందును 200 లీటర్ల నీటిలో కలిపి తడి నేల మీద పిచికారీ చేయవచ్చు. అయితే మొక్కజొన్న సాళ్ళ మధ్య కందిని గాని బొబ్బరను గాని వేసినవారు ఈ మందు జోలికి పోకూడదు. పప్పుజాతి మొక్కలు చచ్చిపోతాయి. వారు పెండిమిథాలిన్ వాడాలి, లేదా 20 రోజులకు ఒకసారి, 35 రోజులకు మరొకసారి దంతె తోలుకోవాలి. చిన్న రైతుకు రెండు సాళ్ళ మొక్కజొన్నకు ఒక సాలు కంది మంచి ఏర్పాటని నా అభిప్రాయం. మొక్కజొన్న ధర పడిపోయిన ఏడు సంక్రాంతి నాటికి చేతికి వచ్చే కంది ఇంటిని నిలబెడుతుంది.

కత్తెర పురుగు 2018 మే నెలలో కర్ణాటకలోని శివమొగ్గ ప్రాంతంలో మొదట బయటపడి, కొద్ది కాలంలోనే దేశమంతా వ్యాపించింది. పురుగు తల మీద తిరగేసిన ఇంగ్లిషు ‘వై’ అక్షరం ఆకారపు తెల్లని గీత, తోక దగ్గర చదరంగా నాలుగు నల్లని చుక్కలు దీని గుర్తులు. మొలిచిన పదో రోజు నుంచి వారానికి రెండుసార్లు చేనులో ఐదు చోట్ల ఇరవైయేసి మొక్కలను చూడాలి. నూరు మొక్కల్లో ఐదింటికి మించి మొవ్వులో, అంటే నడిమి లేత ఆకుల సుడిలో, చిల్లులు, రంపపు పొట్టులాంటి విసర్జన కనిపిస్తే మందు వేయవలసిందే. గుడ్లు, పిల్లపురుగుల దశలో 1500 పీపీఎం వేపమందు లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు చాలు. పురుగు మొవ్వులో చేరాక ఎమామెక్టిన్ బెంజోయేట్ 5 ఎస్‌జీ లీటరుకు 0.4 గ్రాములు గాని, క్లోరాంట్రనిలిప్రోల్ 18.5 ఎస్‌సీ లీటరుకు 0.4 మిల్లీలీటర్లు గాని, రెండింటిని మార్చి మార్చి వాడాలి. సాయంత్రం వేళ, నాజిల్‌ను మొవ్వులోకి దించి కొట్టినప్పుడే మందు పనిచేస్తుంది. ఆకుల మీద పైపైన కొట్టి ‘మందు కల్తీది’ అని తిట్టుకునేవారిని చాలామందిని చూశాను. పెద్ద పురుగులకు, 10 కిలోల తవుడు, 2 కిలోల బెల్లం, రెండు మూడు లీటర్ల నీళ్ళు కలిపి ఒక రోజు పులియబెట్టి, వేయడానికి అరగంట ముందు 100 గ్రాముల థయోడికార్బ్ కలిపిన విషపు ఎరను ఎకరంలో మొవ్వుల్లో వేయాలి. ఈ పని చేతి తొడుగులతోనే చేయాలి, ఆ చేలోకి కొన్నాళ్ళు పశువులను వదలకూడదు. జల్లు విచ్చుకున్నాక మందు కొట్టడం వల్ల ఖర్చే గాని ప్రయోజనం ఉండదు.

కోత ఎప్పుడు

కండె మీది పొర ఎండి గడ్డిరంగుకు తిరగగానే చాలామంది కోతకు దిగుతారు. అంతకన్నా నమ్మదగిన గుర్తు గింజ మొనలో ఉంటుంది. కండె మధ్య నుంచి గింజను ఊడదీసి, బెండుకు అతుక్కుని ఉండే కొసను గోటితో గీరితే నల్లని పొర కనిపించాలి. అది కనిపించిందంటే గింజకు ఇక ఆహారం చేరదు, బరువు పెరగదు. అయితే అప్పటికి గింజలో 30 శాతానికి పైగా తేమ ఉంటుంది. వాతావరణం పొడిగా ఉంటే కండెలను మరో పది రోజులు మొక్క మీదనే ఉంచడం లాభం. ఎండ ఉచితంగా ఆరబెడుతుంది. ఆకాశం నమ్మకంగా లేకపోతే మాత్రం ఆగకూడదు. విశాఖను తాకిన హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి. మన కోతల కాలమూ సరిగ్గా అదే.

విరిచిన కండెలను పొర ఒలిచి, నాలుగైదు రోజులు ఎండలో ఉంచిన తరువాతే నూర్పిడి యంత్రానికి పెట్టాలి. 20 శాతం కంటే ఎక్కువ తేమతో నూరిస్తే గింజ చిట్లుతుంది, చిట్లిన చోట బూజు పడుతుంది. యంత్రం బాడుగకు ఇచ్చే వ్యక్తి ‘ఈ రోజు కాకపోతే మళ్ళీ పది రోజులకు గాని రాను’ అని తొందరపెట్టడం మామూలే. నలుగురు రైతులు ఒకేచోట కండెలు పోసి పిలిస్తే అతడే మన తీరికను బట్టి వస్తాడు.

కళ్ళం, తేమ, లెక్క

గింజను తారురోడ్డు మీద ఆరబోయడం సులభంగానే కనిపిస్తుంది గాని, రాళ్ళు, ఇసుక, చిట్లిన గింజలు అందులో చేరుతాయి, వాహనాల వల్ల ప్రాణాపాయమూ ఉంది. సిమెంటు కళ్ళం గాని, టార్పాలిన్ గాని ఉంటే గింజను రెండు అంగుళాల మందానికి మించకుండా పరిచి, గంటకొకసారి కాలితో చాళ్ళు తీసి తిరగేయాలి. మంచు పడక ముందే కుప్పచేసి కప్పాలి. వేడిగా ఉన్న గింజను వెంటనే సంచికి ఎత్తితే లోపల చెమర్చి, మూడో రోజుకు ముక్కవాసన వేస్తుంది. నీడలో పూర్తిగా చల్లారిన తరువాతే ఎత్తాలి.

కొనుగోలుకు సాధారణంగా అడిగే తేమ 14 శాతం. మీటరు లేని ఇంట్లో తేమను తెలుసుకోవడానికి ఒక పాత ఉపాయం ఉంది. పొడిగా ఉన్న గాజు సీసాలో పావు వంతు వరకు, పెనం మీద బాగా వేయించి చల్లార్చిన ఉప్పు పోసి, దాని మీద సగానికి వచ్చేలా గింజలు వేసి, మూత బిగించి రెండు మూడు నిమిషాలు గట్టిగా కుదపాలి. పావుగంట ఉంచి చూసినప్పుడు ఉప్పు సీసా గోడకు అంటుకుంటే తేమ 15 శాతానికి మించి ఉన్నట్టు. అంటుకోకపోతే తేమ 15 శాతం లోపు ఉన్నట్టు. కచ్చితమైన అంకె కావాలంటే ల్యాంప్స్ అనే గిరిజన ప్రాంతాల సహకార సంఘంలోనో, మార్కెట్ కమిటీ యార్డులోనో మీటరు మీద చూపించుకోవాలి.

ఇప్పుడు అసలు లెక్క. 22 శాతం తేమ ఉన్న 100 కిలోల గింజలో పొడి పదార్థం 78 కిలోలు. 14 శాతం తేమకు ఆరాక అందులో పొడి పదార్థం నూటికి 86 పాళ్ళు ఉండాలి కనుక, 78ని 86తో భాగిస్తే ఆ గింజ 90.7 కిలోలుగా మిగులుతుందని తేలుతుంది. అంటే తేమ ఒక్కో శాతానికి క్వింటాలుకు సుమారు 1.16 కిలోల తరుగు న్యాయమైనది. ఎండు గింజ ధర క్వింటాలు 2,000 రూపాయలు అనుకుంటే, 18 శాతం తేమ ఉన్న గింజకు 1,907, 22 శాతానికి 1,814, 25 శాతానికి 1,744 రూపాయలు సమానమైన ధరలు. వ్యాపారి ఇంతకన్నా తక్కువ చెబితే ఆరబెట్టుకోవాలి. దీనికి దగ్గరగా చెప్పి, మబ్బు కూడా కమ్ముకుని ఉంటే తడి గింజనే ఇచ్చివేయడం తెలివైన పని. కూలి, ఎండ, దొంగభయం అన్నీ మన లెక్కలోనే పడతాయి కనుక ఎల్లవేళలా ఆరబెట్టే తీరాలన్న పట్టుదల అవసరం లేదు.

రెండేళ్ళ కిందట మా ఇంటి గింజ 40 క్వింటాళ్ళను ఒక వ్యాపారి గుప్పిట్లో పట్టి, పంటితో కొరికి, ‘తడి ఉంది’ అని క్వింటాలుకు 4 కిలోలు తరుగు తీశాడు. మిగిలిన రెండు బస్తాలను మరునాడు మీటరు మీద పెట్టించగా 15 శాతం చూపింది. న్యాయమైన తరుగు కిలో పావు కన్నా తక్కువ. మేము పోగొట్టుకున్నది 110 కిలోలకు పైమాట. తప్పు అతని ఒక్కడిదే అనలేను. తేమ ఎంతో తెలియకుండా కాటా దగ్గర నిలబడ్డది మేమే.

తేమ గింజకు మరో ప్రమాదమూ ఉంది. ఆస్పర్జిల్లస్ అనే బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. కోళ్ళ దాణా మిల్లులు బూజుపట్టిన లారీని తిప్పి పంపడానికి కారణం ఇదే. నల్లబడిన, ఆకుపచ్చ బూజు పట్టిన గింజలను చెరిగి పారవేయాలి గాని, ఆవుకు పెట్టకూడదు. ఆ విషం పాలలోకి వస్తుంది.

కాటా దగ్గర

తూకం వేసే ముందు ఖాళీ కాటా సున్నా చూపుతోందో లేదో, తూనికల శాఖ ముద్ర ఈ ఏడాదిదో కాదో చూడాలి. మన బరువు మనకు తెలిసి ఉంటే కాటా ఎక్కి నిలబడడం అందరికీ చేతనైన పరీక్ష. నవ్వుతూ చేస్తే ఎవరూ నొచ్చుకోరు. సంచి బరువు పేరిట బస్తాకు కిలో తీయడం ఒక దురాచారం. 50 కిలోలు పట్టే కొత్త బి-ట్విల్ రకం గోనె బరువు 580 గ్రాములే, ప్లాస్టిక్ సంచి అంతకన్నా చాలా తేలిక. ఖాళీ సంచులు పదింటిని ఒకేసారి తూచి, పదితో భాగించి, ఆ మేరకే తీయమని అడగాలి. హమాలీ, కాటా కూలి, దలాలీ ఎవరు భరిస్తారో బస్తా ఎత్తక ముందే తేల్చుకుని, చీటీ మీద బస్తాల సంఖ్య, స్థూల తూకం, తరుగు, ధర, చెల్లించే తేదీ వేరువేరుగా రాయించుకోవాలి.

విత్తనం, ఎరువు అరువుకు తెచ్చి పంటను ఆ షావుకారుకే ఇచ్చే ఒప్పందాలు మన ప్రాంతంలో చాలా ఉన్నాయి. ఆ అరువు ఖరీదు ఎంతో ఒకసారి లెక్కవేయండి. 1,350 రూపాయల డీఏపీ బస్తాను నాలుగు నెలల అరువుకు 1,600 రూపాయలకు రాస్తే, అది ఏడాదికి 55 శాతం వడ్డీతో సమానం. దాని మీద ధరలోనూ తగ్గిస్తే ఇంకా ఎక్కువ. కిసాన్ క్రెడిట్ కార్డు పంట రుణానికి వడ్డీ 7 శాతం, గడువులో కడితే 4 శాతం. సాహుకారు ఆసుపత్రి ఖర్చుకు కూడా అర్ధరాత్రి డబ్బు ఇస్తాడు, బ్యాంకు ఇవ్వదు అన్న వాదనలో నిజం ఉంది. అందుచేత సంబంధం తెంచుకోనక్కరలేదు. ఎరువుల ఖాతాను మాత్రం వేరు చేసుకుంటే, పంటను ఎవరికి అమ్మాలన్నది మన నిర్ణయం అవుతుంది.

క్వింటాలు మొక్కజొన్నకు కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర 2024–25కు 2,225 రూపాయలు, 2025–26కు 2,400 రూపాయలు. వరిని కొన్నంత విరివిగా ప్రభుత్వ సంస్థలు మొక్కజొన్నను కొనవు కనుక, ఈ ధరను బేరానికి కొలబద్దగా వాడుకోవాలే గాని చేతికి వచ్చిన డబ్బుగా భావించకూడదు. కొనుగోలు కేంద్రం తెరిచిన ఏడు ఉపయోగించుకోవాలంటే భూమి పట్టా, ఆధార్, బ్యాంకు ఖాతా, రైతు నమోదు అన్నింటిలోనూ పేరు ఒకే విధంగా ఉండాలి. తెలుగు ఇంటిపేరు ఒకచోట ముందు, మరొకచోట వెనుక ఉండడం, ఒడియా లిపిలో వేరే స్పెల్లింగు పడడం మనవారికి తరచుగా వచ్చే చిక్కు. దాన్ని వేసవిలోనే దిద్దించుకోవాలి. కౌలుకు చేసేవారిలో చాలామంది చేతిలో కాగితం ఉండదు కాబట్టి, వారికి బయటి అమ్మకమే దారి.

ఆ బయటి అమ్మకంలో సరిహద్దు తెలుగువారికి ఒక సౌకర్యం ఉంది. అనపర్తి, తణుకు వంటి చోట్ల ఉన్న కోళ్ళ పరిశ్రమకు దాణాగా మొక్కజొన్న ఏడాది పొడవునా కావాలి. ఇథనాల్ తయారీ మొదలయ్యాక పోటీ మరింత పెరిగింది. మిల్లువారితో తెలుగులోనే నేరుగా మాట్లాడవచ్చు. తేమ ఎంత వరకు ఒప్పుకుంటారు, చిట్లిన గింజ ఎంత శాతం, చెప్పిన ధర మిల్లు గేటు దగ్గరిదా లేక మన ఊళ్ళో లారీకి ఎత్తినప్పటిదా, డబ్బు ఎన్ని రోజుల్లో ఇస్తారు అని ఈ నాలుగూ అడిగి రాసుకోవాలి. 10 టన్నుల లారీ నింపడానికి 100 క్వింటాళ్ళు కావాలి కాబట్టి ఆరేడుగురు రైతులు కలవాలి. ఒక్కరి తడి బస్తాలు లారీ మొత్తాన్ని తిరగ్గొట్టగలవు గనుక ప్రతి సంచికీ సీసా పరీక్ష చేసి, రైతు పేరు రాసిన చీటీ కుట్టాలి. లారీ బాడుగ, మార్కెట్ కమిటీ రుసుము, దారి ఖర్చు తీసివేయగా స్థానిక ధర కన్నా క్వింటాలుకు కనీసం 100 రూపాయలైనా మిగలకపోతే ఈ శ్రమ అనవసరం.

అర ఎకరం లోపు ఉన్నవారికి పచ్చి పొత్తుల అమ్మకమే మేలు. పీచు వచ్చిన 20 రోజుల ప్రాంతంలో, గింజ నొక్కితే పాలు కారే దశలో విరిచి సంతలోనో రహదారి మీదనో లెక్కన అమ్మితే ఆరబెట్టే బాధ ఉండదు, పచ్చి చొప్ప పశువులకు మిగులుతుంది. అయితే రోజుకు అమ్ముడయ్యేంతే విరవాలి. మరునాటికి తీపి పోతుంది.

నిల్వ చేసి అమ్మదలచినవారు అక్టోబరు ధరకూ ఫిబ్రవరి ధరకూ ఉన్న తేడా నుంచి ముక్కపురుగు తినేదాన్ని, అప్పు వడ్డీని తీసివేసి చూసుకోవాలి. 12–13 శాతానికి ఆరిన గింజను గాలి చొరని సంచుల్లో కట్టి, గోడకు జానెడు ఎడంగా చెక్కల మీద పేర్చి, పదిహేను రోజులకొకసారి బస్తాల మీద చేయి పెట్టి వేడి తగులుతోందేమో చూడాలి. వేడి తగిలితే ఆ రోజే విప్పి ఎండబెట్టాలి. ఆంధ్ర రబీ గింజ మార్చి నుంచి, బిహార్ రబీ గింజ ఏప్రిల్ చివరి నుంచి మార్కెట్‌కు వస్తాయి కనుక, దాచిన బస్తాలను శివరాత్రి దాటనీయకుండా బయటికి తీయాలి.